మిశ్రమ ఎర్ర వైన్ – కృష్ణా డెల్టా

రెండు మూడు జాతుల ఎర్ర ద్రాక్షల వైన్లను పాళ్లు చూసి కలిపి, ఓక్ పీపాల్లో నెలల తరబడి, ఆపై సీసాల్లో ఏళ్ల తరబడి మాగబెట్టే పద్ధతికి పేరుమోసిన చోటు ఫ్రాన్స్‌లోని బోర్డో. కృష్ణా డెల్టాకు ఈ వైన్ ఓడల మీద వచ్చింది. ఇక్కడి ఒండ్రు నేల, కాలువ నీరు, సముద్రపు తేమ వరికి అచ్చొచ్చినట్టు వైన్ ద్రాక్షకు అచ్చిరావు. ఈ ప్రాంతపు సొంత పానీయం తాటికల్లు. పొద్దున దించింది సాయంత్రానికి పుల్లబడుతుంది కనుక దాన్ని మాగబెట్టే ప్రసక్తే లేదు. అందుకే ఇక్కడి వైన్ చరిత్ర చాలావరకు బందరు రేవు చరిత్రే.

అంతకుముందటి ఆనవాలు ఒకటి ఎగువన నాగార్జునకొండలో ఉంది. ఇక్ష్వాకుల నాటి ఒక స్తంభం మీద గడ్డంతో, సగం ఆచ్ఛాదనతో, కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకున్న పురుషుణ్ణి చెక్కారు. గ్రీకుల మద్యదేవత డయోనిసస్ పోలికలు అందులో స్పష్టం. అయితే ఒక్క శిల్పాన్ని చూసి డెల్టా ప్రజలు వైన్ తాగేవారని తేల్చడం తొందరపాటు. క్రీ.శ. మొదటి శతాబ్దపు గ్రీకు గ్రంథం పెరిప్లస్ ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడి నూలుబట్టలను మెచ్చుకుంది. ఇటలీ వైన్ దిగుమతి ప్రస్తావన మాత్రం పడమటి తీరంలోని భరుకచ్ఛం దగ్గర వస్తుంది.

బందరులో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో వర్తక స్థావరాలు పెట్టారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట ఆ మూడు జాతుల పేర్లనూ నేటికీ మోస్తున్నాయి. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు ఓడలు పారశీక రేవు బందర్ అబ్బాస్‌కు వెళ్లేవి. డచ్చి, ఇంగ్లీషు కంపెనీలు షిరాజ్ నగరపు వైన్‌ను తూర్పు దేశాల్లోని తమ స్థావరాలకు ఎగుమతి చేసింది ఆ రేవు నుంచే. 1750లో బందరు ఫ్రెంచివారి చేతికొచ్చింది. వారి కంపెనీ ఓడలు లోరియాఁ రేవు నుంచి బోర్డో వైన్ నింపుకుని బయలుదేరేవి. అప్పట్లో బోర్డో వర్తకులు తమ పలచని వైన్‌లో రోన్ లోయ, స్పెయిన్ ఎర్ర వైన్లు కలిపి బలం పెంచేవారు. 1759 ఏప్రిల్ 8న ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ సేన బందరు కోటను పట్టుకోవడంతో ఫ్రెంచివారి ఏలుబడి ముగిసింది. భారతదేశంలోని ఇంగ్లీషువారు ఎక్కువగా తాగింది మదీరా. బ్రాందీ కలిపిన ఆ వైన్ ఓడ అడుగున ఉడికిన కొద్దీ బాగుపడుతుంది.

బోర్డో తరహా మిశ్రమానికి ఆ ఓర్పు లేదు. కాబెర్నే సావిన్యాఁ ద్రాక్ష ఇచ్చే వగరును మెర్లో ద్రాక్ష మెత్తబరుస్తుంది. మాగే కాలంలో ఆ వగరు ఇంకా తగ్గుతుంది. బాగా మాగిన వైన్‌ను గ్లాసులో పోసి వంచి చూస్తే అంచు ఇటుక రంగులో ఉంటుంది. సీసా అడుగున మడ్డి పేరుకుంటుంది కనుక పైతేటను నెమ్మదిగా వేరే పాత్రలోకి వంచుకోవాలి. దీన్ని నిలవ చేయడానికి 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే బెజవాడలో మామూలు గదిలో సీసాను అలమరలో పెడితే ఒక్క వేసవికే వైన్ పాడవుతుంది.

ద్రాక్షను పులియబెట్టి మాగబెట్టే పద్ధతి మన ఆయుర్వేదానికీ తెలుసు. ఎండుద్రాక్ష కషాయంలో తీపి, ధాతకీ పువ్వులు, సుగంధ ద్రవ్యాలు చేర్చి కుండ మూతికి సీలు వేసి ఉంచితే ద్రాక్షాసవం తయారవుతుంది. అది మందు, కొలతగా తాగాలి.

1995 జనవరిలో రాష్ట్రంలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది. ఈలోగా పొరుగు రాష్ట్రాల్లో వైన్ తోటలు నిలదొక్కుకున్నాయి. బెంగళూరు దగ్గర నంది కొండల్లో గ్రోవర్ సంస్థ కాబెర్నే, షిరాజ్ జాతి ద్రాక్షల వైన్లు కలిపి ఓక్‌లో మాగబెట్టిన ‘లా రిజర్వ్’ దేశీ మిశ్రమ వైన్లలో పేరు తెచ్చుకుంది. హైదరాబాద్‌కు చెందిన గ్రాన్యూల్స్ ఇండియా వ్యవస్థాపకులు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి గుట్టల్లో క్రస్మా తోట వేసి కాబెర్నే, సాంజొవేజీ పండిస్తున్నారు. హంపి కృష్ణలో కలిసే తుంగభద్ర ఒడ్డున ఉంది, నాసిక్ తోటలు గోదావరి ఎగువన ఉన్నాయి, పెన్న నంది కొండల్లో పుడుతుంది. ఆంధ్రకు నీళ్లిచ్చే మూడు పెద్ద నదుల ఎగువనా నేడు వైన్ ద్రాక్ష పండుతోంది. దిగువ డెల్టాలో వరే పండుతోంది.