లక్క పురుగు

చెట్ల రసం పీల్చి బతుకుతూ, ఒంటి నుంచి జిగురు స్రవించే కీటకం. శాస్త్రనామం కెర్రియా లక్కా. హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్‌కు పడమరనున్న లాడ్ బజార్ రాళ్ల గాజులకు ఈ జిగురే ఆధారం. గాజులకున్న పేరు పురుగుకు లేకపోవడం అన్యాయం.

గుడ్డు నుంచి వచ్చిన పిల్ల ఎర్రగా, అర మిల్లీమీటరు పొడవుంటుంది. వేల పిల్లలు ఒక్కసారిగా బయటపడి మోదుగ, రేగు, పుసుగు చెట్ల లేత కొమ్మల మీదికి పాకుతాయి. తొండం గుచ్చి, కుదురుకుని, చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. తొలి కుబుసంతోనే కాళ్లు, మీసాలు, కళ్లు పోతాయి. మగవాటికి పెద్దయ్యాక మళ్లీ వస్తాయి. అవి గూడు వీడి, ఏమీ తినకుండా, జతకట్టి, కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. ఆడది మాత్రం తొండం గుచ్చిన చోటే చివరిదాకా ఉంటుంది. జతకట్టాక బాగా పెరిగి, జిగురును ఇంకా ఎక్కువగా స్రవిస్తుంది. మనకందే లక్కలో అధికభాగం దానిదే. గూళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుని కొమ్మ చుట్టూ గట్టి తొడుగు ఏర్పడుతుంది. దాని మీద తెల్లటి మైనపు పోగులు నూగులా కనిపిస్తే లోపల పురుగులు బతికున్నట్టే; గాలి రంధ్రాలు పూడిపోకుండా కాపాడేవి ఆ పోగులే. తల్లి వందల గుడ్లు పెట్టి, ఒళ్లు ముడుచుకుని వాటికి గూట్లోనే చోటిస్తుంది.

ఏడాదికి రెండు పంటలు. పండిన గూడు మీద పసుపు మచ్చ తేలుతుంది. పిల్లలు బయటపడే ముందు కొమ్మలు నరికి కొత్త చెట్లకు కడతారు. తొందరపడి అంతా గీకేస్తే పిల్లలు లోపలే చస్తాయి, మరుసటి పంటకు విత్తనం ఉండదు. రైతు నేర్పంతా ఆ రోజును పసిగట్టడంలోనే ఉంది.

మహాభారతంలో పాండవుల కోసం కట్టించినది లక్క ఇల్లే. ఈ పురుగు గురించి జేమ్స్ కెర్ 1781లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. కృత్రిమ రంగులొచ్చాక లక్క నుంచి తీసే ఎరుపు రంగుకు గిరాకీ పడిపోయింది. గ్రామఫోన్ రికార్డులు మాత్రం ప్లాస్టిక్ వచ్చేదాకా లక్క జిగురు మీదే ఆధారపడ్డాయి. 1924లో రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో లక్క పరిశోధన సంస్థ వెలిసింది.

పాతబస్తీ పనివాళ్లు లక్కను నిప్పుల సెగన మెత్తబరచి, కడ్డీగా సాగదీసి, వలయంగా వంచి, వేడి ఆరకముందే రాళ్లు అద్దుతారు. సెగ చాలకపోతే రాయి అతుక్కోదు. ఎక్కువసేపు కాగితే లక్క బిరుసెక్కి మళ్లీ కరగదు. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకుముందే 2017లో ఏటికొప్పాక లక్క బొమ్మలకు వచ్చింది.