బ్లాక్‌స్పాట్
రోడ్డు ప్రమాదాలు పదేపదే జరిగే చోటును బ్లాక్‌స్పాట్ అంటారు. భారత రహదారి రవాణా మంత్రిత్వశాఖ నిర్వచనం ప్రకారం, జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల నిడివిలో మూడేళ్లలో మరణాలకో తీవ్ర గాయాలకో దారితీసిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది మరణించినా ఆ చోటు ఈ కోవలోకి వస్తుంది. గుర్తింపునకు ప్రధాన ఆధారం పోలీసు రికార్డులు. వాటిలో కారణం చాలావరకు డ్రైవరు తప్పుగానే నమోదవుతుంది. మలుపులోనో కూడలి అమరికలోనో ఉన్న లోపం ఇంజినీరు స్వయంగా వెళ్లి పరిశీలిస్తేనే బయటపడుతుంది. హెచ్చరిక బోర్డులు, రంబుల్ స్ట్రిప్‌లు, వీధిదీపాలు తాత్కాలిక చర్యలు. ఊరిని చీల్చుకుంటూ పోయే నాలుగు వరుసల రహదారిపై పాదచారులకు అసలు రక్షణ అండర్‌పాస్, సర్వీసు రోడ్డు వంటి శాశ్వత నిర్మాణాలే. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించనందువల్ల మరణం లేదా వైకల్యం సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించేందుకు 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 198ఎ సెక్షన్ వీలు కల్పిస్తుంది.