రావద్దన్న ఊరికే వెళ్లారు

1972 సెప్టెంబరులో ఇంగ్లండులోని లెస్టర్ నగర పాలక మండలి 'ఉగాండా ఆర్గస్' పత్రికలో ఒక ప్రకటన వేయించింది. మా ఊళ్లో ఇళ్లు లేవు, బడుల్లో చోటు లేదు, మీ మేలు కోరే చెబుతున్నాం, లెస్టర్‌కు రావద్దు అని దాని సారాంశం. ఉగాండాలోని ఆసియావాసులంతా 90 రోజుల్లో దేశం విడిచిపోవాలని ఆ దేశ నియంత ఇదీ అమీన్ హుకుం జారీ చేసిన రోజులవి. కాందిశీకులను దేశంలోకి రానిచ్చేది ప్రభుత్వమే అయినా, వాళ్లకు ఇల్లు, బడి చూడాల్సింది ఊరి పాలక మండలి. ఆ ఊరితో ముందుగా మాట్లాడకపోతే ఏమవుతుందో ఆ ప్రకటనలో కనిపిస్తుంది.

దాదాపు 28 వేల మంది బ్రిటన్ చేరారు. ప్రభుత్వం ఉగాండా పునరావాస బోర్డును నియమించింది. స్ట్రాడిషాల్, గ్రీన్‌హామ్ కామన్ వంటి సైనిక స్థావరాల్లో శిబిరాలు తెరిచింది. ఎండదేశం నుంచి పల్చటి బట్టలతో దిగినవాళ్లకు చలికోట్లు వెతికి ఇచ్చింది మాత్రం ఎక్కువగా స్వచ్ఛంద సేవికలే. బోర్డు ఊళ్లను రెండుగా విడగొట్టింది. ఆసియావాళ్లు అప్పటికే ఎక్కువగా ఉన్నవి 'ఎర్ర' ప్రాంతాలు, అక్కడికి పోవద్దంది. 'పచ్చ' ప్రాంతాలకు వెళ్లమంది. అయినా వేలమంది లెస్టర్‌కే వెళ్లారు. బంధువులు అక్కడున్నారు, అల్లిక మిల్లుల్లో పని అక్కడ దొరుకుతుంది, గుజరాతీలో పలకరించేవాళ్లు అక్కడున్నారు. మొదటి రాత్రి తలదాచుకునే చోటు, మొదటి ఉద్యోగం వారికి చూపించినది చాలాసార్లు ఆ బంధుత్వాలే. బెల్‌గ్రేవ్ రోడ్డు వాళ్ల దుకాణాలతో నిండింది. తర్వాతి కాలంలో అదే నగర పాలక మండలి ఆ రోడ్డు మీద దీపావళి ఉత్సవాలు జరిపించింది.

ఈ అనుభవం నుంచి ప్రభుత్వం నేర్చుకున్నది తక్కువ. 1979 నుంచి వియత్నాం శరణార్థులు వచ్చినప్పుడు వాళ్లను దేశమంతా వెదజల్లింది: ఒక్కో ఊరికి నాలుగు నుంచి పది కుటుంబాలు. ఏ ఒక్క కౌన్సిల్ మీదా భారం పడకూడదన్న ఆలోచన వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఊళ్లో తమ భాష మాట్లాడేవాళ్లు లేక, ఆర్థిక మాంద్యంలో పని దొరకక, చాలా కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని లండన్‌కూ బర్మింగ్‌హామ్‌కూ కదిలాయి. ఒకసారి నిర్వాసితులైనవాళ్లు రెండోసారి తమంతట తామే ఊరు మారాల్సి రావడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి. ఆ విధానం పొరపాటేనని 1985లో పార్లమెంటు కమిటీ తేల్చింది.

ముందు ఊరిని అడిగి, ఒప్పుకున్న కౌన్సిళ్లకు డబ్బిచ్చి పంపే పద్ధతి 2004లో గేట్‌వే పథకంతో బలపడింది. షెఫీల్డ్ తొలుత ముందుకొచ్చిన నగరాల్లో ఒకటి. 2015లో సిరియా నుంచి 20 వేల మందిని తీసుకుంటామని ప్రభుత్వం చెప్పినప్పుడు, ఒక్కొక్కరికి అయిదేళ్లలో 20,520 పౌండ్లు కౌన్సిళ్లకు కేటాయించింది. జనం తగ్గిపోతున్న స్కాట్లండ్ దీవి బ్యూట్ కూడా రమ్మంది. అక్కడ ఒక సిరియా కుటుంబం బేకరీ తెరిచింది. కొన్ని కుటుంబాలు మాత్రం తమవాళ్లున్న పెద్ద నగరాలకు వెళ్లిపోయాయి. పిలిచిన ఊరైనా ఒంటరితనాన్ని పూర్తిగా తీర్చలేదు.

2016లో కెనడా ఒరవడిలో సముదాయ ప్రాయోజక పథకం మొదలైంది. చర్చి బృందమో మసీదు బృందమో 9,000 పౌండ్లు పోగుచేసి, రెండేళ్లకు ఇల్లు చూపించి, కౌన్సిల్ సమ్మతి తెచ్చుకుంటే ఒక కుటుంబం బాధ్యత వాళ్లకు అప్పగించేవారు. డాక్టరు దగ్గర పేరు నమోదు చేయించడం, పిల్లల్ని బడిలో చేర్చడం, బస్సెక్కడం నేర్పడం వంటి పనులు చేయడానికి ఇరుగుపొరుగే తగినవాళ్లని నా నమ్మకం.

2022లో ఉక్రెయిన్‌వాళ్ల కోసం సాధారణ కుటుంబాలు తమ ఇళ్లలోనే గదులిచ్చాయి. ఆ ఇళ్లను తనిఖీ చేయడం, ఆతిథ్యం కుదరనప్పుడు మరో చోటు వెతకడం కౌన్సిళ్ల వంతయింది. ఆ పనికి తొలుత మనిషికి 10,500 పౌండ్లు ఇచ్చిన ప్రభుత్వం, 2023 జనవరి నుంచి వచ్చినవాళ్లకు దాన్ని 5,900కు తగ్గించింది. పని మాత్రం తగ్గలేదు.