సైకిలుకు మోటారు, మోటారుకు మౌనము

ఆర్మూరు పసుపు పంటకు పేరుపడిన పట్టణము. త్రవ్విన పసుపును ఉడుకబెట్టి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన పిదప రైతులు కొమ్ములను బస్తాల కెత్తి అమ్మకమునకు తెత్తురు. పెద్ద బరువులకు ట్రాక్టరు కలదు. ఒక మనిషిని, ఒక బస్తాను పల్లె నుండి బజారునకు చేర్చు పని మాత్రము దశాబ్దములుగా మోపెడుదే. సైకిలుకు చిన్న మోటారును బిగించగా పుట్టిన బండి యిది. ఆ మోటారు ఎంతటిదై యుండవలెను? ఎచ్చట నుండవలెను? దాని రొదను ఎట్లు అణచవలెను? ఈ మూడు ప్రశ్నలే దాని చరిత్ర.

1885లో జర్మనీ దేశమున గోట్లీబ్ డైమ్లర్, విల్హెల్మ్ మైబాఖ్ అనువారు కొయ్య చట్రము గల బండికి పెట్రోలు యంత్రమును అమర్చిరి. దాని సిలిండరు పరిమాణము 264 ఘనపు సెంటీమీటర్లు. శక్తి అర అశ్వశక్తి మాత్రమే. అది నిమిషమునకు సుమారు 600 మారులు తిరిగెడిది. యంత్రశక్తి ఒక్కొక్క విస్ఫోటనము చేయు పనిపైనను, నిమిషమునకు జరుగు విస్ఫోటనముల సంఖ్యపైనను ఆధారపడును. కనుక వేగముగా తిరుగునట్లు చేసినచో యంత్రమును చిన్నది చేయవచ్చును. సైకిలు చట్రము మోయగల మోటారు ఇట్లు సాధ్యమైనది. కాని విస్ఫోటనములు హెచ్చిన కొలది రొదయు హెచ్చినది.

1897లో పారిస్ నగరమున వెర్నర్ సోదరులు మోటారును ముందు చక్రముపై నిలిపిరి. బరువు ఎత్తున నుండుటచే తడి బాటపై బండి జారెడిది. 1901లో వారు దానిని క్రిందికి దించి, పెడళ్ళ ఇరుసు ఉండు చోట అమర్చిరి. నేటికిని పెక్కు మోటారు సైకిళ్ళలో యంత్రము చోటు అదియే.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఐరోపాలోను, జపానులోను చౌక వాహనములకు గిరాకీ కలిగెను. 1946లో సోయిచిరో హోండా, సైన్యము వాడి విడిచిన రేడియో జనరేటరు యంత్రములను సైకిళ్ళకు బిగించి అమ్మెను. ఇటలీలో వెలువడిన 48 ఘ.సెం.మీ. మోటారునకు ‘కూచొలో’, అనగా కుక్కపిల్ల, అని పేరు వచ్చెను. దాని పొగగొట్టపు చప్పుడు కుక్కపిల్ల మొరుగుటను పోలియుండుటయే కారణము. 1949లో ఫ్రాన్సు దేశపు మోటోబెకాన్ సంస్థ ‘మోబిలెట్’ను వెలువరించెను. ఆ సంస్థ సహకారముతోనే 1960వ దశకమున మన తిరుపతిలో మోపెడ్స్ ఇండియా సంస్థ ‘సువేగ’ను తయారు చేసెను. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చినవి.

వీనిలో రెండు స్ట్రోకుల యంత్రమునే ఎన్నుకొనుటకు కారణము సులభము. దానికి కవాటములు లేవు, భాగములు తక్కువ, వెల తక్కువ. పైగా ప్రతి భ్రమణమునకు ఒక విస్ఫోటనము జరుగును. నిమిషమునకు 3000 భ్రమణములలో అది సెకనుకు 50 మారులు ప్రేలును. నాలుగు స్ట్రోకులది 25 మారులే. పిస్టను రంధ్రమును తెరచిన ప్రతిసారి ఒత్తిడిలో నున్న వేడి వాయువు ఒక్క పెట్టున వెలికి దూకును. అదియే ఆ చప్పుడు.

దీనిని అణచు సైలెన్సరుపై అమెరికాలో రీవ్స్ సోదరులు 1897లోనే పేటెంటు పొందిరి. సన్నని గొట్టము నుండి వెడల్పైన గదిలో ప్రవేశించిన ధ్వనితరంగము కొంత వెనుకకు మరలును. గది పొడవు తరంగదైర్ఘ్యములో నాల్గవ వంతైనచో అణచివేత అత్యధికముగా నుండును. వేడి పొగలో ధ్వనివేగము సెకనుకు 500 మీటర్లనుకొందము. సెకనుకు 500 కంపనములు గల ధ్వని తరంగదైర్ఘ్యము 1 మీటరు. దానికి 25 సెం.మీ. గది చాలును. 50 కంపనముల ధ్వనికి రెండున్నర మీటర్ల గది కావలెను! అందుచే చిన్న బండి సైలెన్సరు చెవికి బాధ కలిగించు తీవ్రస్వరములను అణచగలదు గాని, మంద్రస్వరమును అంతగా అణచలేదు.

సైలెన్సరు తీసినచో బలము పెరుగునని కొందరు యువకులు దానికి రంధ్రములు చేయుదురు. ఇది పొరపాటు. రెండు స్ట్రోకుల యంత్రములో తగిన కొలతలు గల గొట్టము నుండి మరలి వచ్చు తరంగము, వెలికి పోవు క్రొత్త ఇంధన మిశ్రమమును తిరిగి సిలిండరులోనికి నెట్టును. గొట్టము తీసినచో ఆ లాభము పోవును. బలము తగ్గుటకు తరచుగా అసలు కారణము నూనె కాలి పేరుకొన్న మసి. దానికి మందు శుభ్రపరచుటయే. ఆ రొదవలన నడుపువాని వినికిడి చెడును. ఇరుగుపొరుగుల నిద్రయు పోవును. 80 ఘ.సెం.మీ. వరకు గల ద్విచక్ర వాహనములను తయారు చేయువారికి ప్రభుత్వము విధించిన రొద పరిమితి 75 డెసిబెల్లు.

2015లో టీవీఎస్ సంస్థ నాలుగు స్ట్రోకుల ఎక్స్‌ఎల్ 100ను తెచ్చెను. విద్యుత్ మోటారులో విస్ఫోటనమే లేదు గనుక ఈ సైలెన్సరుతో పనియే లేదు. మన నిబంధనల ప్రకారము 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్లు మించని విద్యుత్ సైకిలు మోటారు వాహనముగా పరిగణింపబడదు. 746 వాట్లు ఒక అశ్వశక్తి గనుక, అది డైమ్లరు మోటారుకంటె తక్కువ శక్తి గలది. పసుపు బస్తాకు అది చాలకపోవచ్చును. బడికి పోవు విద్యార్థికి చాలును. చేయవలసిన పనిని ముందు కొలిచి, పిదప మోటారును ఎన్నుకొనుటయే ఈ చరిత్ర నేర్పు పాఠము.