సీమకు బోయిన చిలుకలు



మన యూళ్లలో చిలుకను జూచి యాశ్చర్యపడు వారెవ్వరును లేరు. జొన్నచేను కంకి వేసినది మొదలు మంచెమీద నొడిసెల పట్టుకొని కూర్చుండు రైతునకు చిలుక వింతయు గాదు, విలాసమును గాదు, చేటు. జామతోట గలవారి నడిగినను ఇంతియే చెప్పుదురు. అయినను ఈ పక్షియే, ఎఱ్ఱని ముక్కును, మగదానికి మెడను గులాబివన్నె కంటెయు గల యీ రామచిలుకయే, నేడు ఇంగ్లండు దేశమున లండను నగరపు శివారులలో వేలకొలదిగా గాపురముండి, మాఘమాసపు మంచులో సయితము ఆకురాలిన చెట్లపై గూర్చుండి యరచుచున్నదని చెప్పగా, మా యూరి రచ్చబండకడ కొందఱు నవ్విరి. నవ్వదగిన మాటయే గాని, అబద్ధము గాదు.

చిలుక దేశాంతరము పోవుట నేటి సంగతి గాదు. క్రీస్తునకు బూర్వము 400 ప్రాంతమున బారసీక చక్రవర్తి కొలువులో వైద్యుడుగా నుండిన క్టీసియస్ అను గ్రీకువాడు మన దేశమును గూర్చి యొక గ్రంథము వ్రాసెను. అందు మనుష్యునివలె మాటలాడు పక్షి యొకటి వర్ణింపబడినది. అది హిందూదేశపు భాష పలుకునట. నేర్పినచో గ్రీకుభాషయు బలుకునట. తరువాత అలెగ్జాండరు వెంట సింధునదీ ప్రాంతమునకు వచ్చిన నావికాధిపతి నియార్కసును చిలుకను గొప్ప వింతగా వ్రాసికొనెను. నాలుగువందల యేండ్లు దాటిన పిదప ఆరియన్ అను చరిత్రకారుడు నియార్కసు మాటను బేర్కొని, తాను చిలుకలను బెక్కింటిని జూచియుండుటచే వానిని వింతగా వర్ణింప బనిలేదని త్రోసివైచెను. ఈ యొక్కమాట చాలును. నడుమ నెన్ని చిలుకలు పంజరములలో బడమటికి బోయెనో యూహించుకొనవచ్చును.

క్రీస్తుశకము మొదటి శతాబ్దివాడగు ప్లినీ యను రోమను పండితుడు ఈ పక్షి హిందూదేశమునుండి వచ్చుననియు, పచ్చని దేహమున మెడ చుట్టును ఎఱ్ఱని పట్టె యుండుననియు, చక్రవర్తులకు మాటలతో వందనము చేయుననియు వ్రాసెను. దాని తల ముక్కువలెనే కఠినమైనది గావున, మాటలు నేర్పునపుడు ఇనుపకడ్డితో తలపై గొట్టవలెనట! ఈ విధమగు బోధనా పద్ధతిని నమ్మిన యుపాధ్యాయులను నేను నా కాలమునను జూచితిని.

సహజముగా నీ పక్షికి బుట్టినిండ్లు రెండు: మన భారతఖండము, ఆఫ్రికాలో సహారా యెడారికి దక్షిణమున నున్న సీమ. ఇంగ్లండులో ఇది స్వేచ్ఛగా దిరుగుట మొదట 1855లో నార్ఫోకు జిల్లాలో గానవచ్చినట్లు వ్రాతలు గలవు. 1893లో లండనుకడనున్న డల్విచ్చిలో మరల గనబడినది. కాని యా తొలిపక్షులు వంశము నిలుపుకొనలేదు. 1969 మొదలుకొని మాత్రమే కెంటు జిల్లాలోను లండను శివారులలోను నవి యేటేట బిల్లలను జేయుచు స్థిరపడినవి. 1983లో బ్రిటను పక్షుల పట్టికలో వానికి స్థానమొసగిరి. 2012 నాటి యంచనాలో సుమారు 8,600 జంటలు గలవని తేలినది. సాయంకాలమగుసరికి నవి యొక్కచోటికి జేరి నిద్రించును. ఎషరు అను చోట బంతియాట మైదానమును జుట్టియున్న చెట్లపై 2003లో దాదాపు 7,000 పక్షులు రాత్రి విశ్రమించెనట.

ఇవి యెట్లు వచ్చెనని యడిగినచో నచ్చటి జనులు కథలు చెప్పుదురు. 1951లో ‘ఆఫ్రికన్ క్వీన్’ అను చలనచిత్రము దీయుటకై చిలుకలను దెచ్చిరట, అవి తప్పించుకొనెనట. జిమీ హెండ్రిక్స్ అను సుప్రసిద్ధ గిటారు వాద్యకాడు 1960ల చివర లండను వీధిలో నొక జంటను వదలెనట. 1987 నాటి పెనుగాలికి బెద్ద పంజరములు విఱిగెనట. మన యూళ్లలో ప్రతి గుండును భీముడు విసరినదియు, ప్రతి మడుగును సీతమ్మ స్నానమాడినదియు నైనట్లే యిదియు. సామాన్యమైన సంగతికి సామాన్యమైన కారణము చెప్పినచో మనసు తృప్తిపడదు. 2019లో గొందఱు పరిశోధకులు, దొంగ యిల్లెచ్చటనో గనిపెట్టుటకు బోలీసువారు వాడు గణితపద్ధతినే గైకొని, పాత కాలమునుండి చిలుకలు కనబడిన తావులను పటముపై గుర్తించి చూచిరి. ఆ కథలలో దేనికిని ఆధారము దొరకలేదు. పలుచోట్ల, పలుమారులు, పెంచువారి యిండ్లనుండి పోయిన పక్షులే మూలమని తేలినది. 1929, 1930 సంవత్సరములలోను 1952లోను చిలుకజ్వరమును గూర్చి పత్రికలు గగ్గోలు పెట్టెను. అపుడు పంజరము తలుపు మెల్లగా దెఱచి యూరకున్న గృహస్థులు గొందఱుండియుందురని యా పరిశోధకుల యూహ. నాకును సమ్మతమే. బెల్జియమున మాత్రము కర్త తెలియును: 1974లో బ్రస్సెల్సు నగరమున నొక వినోదశాల యజమాని నగరమునకు వన్నె దెచ్చుటకని నలువది పక్షుల వఱకు బుద్ధిపూర్వకముగా విడిచెను. ఇపుడా నగరమున నవి వేలు.

ఇక మనకు సంబంధించిన మాట. 2015లో వెలువడిన యొక శాస్త్రపరిశోధన, ఐరోపా చిలుకల వంశలక్షణములను మన దేశపు పక్షులతో బోల్చి, అవి ప్రధానముగా పాకిస్తాను, ఉత్తరహిందూస్థానములకు జెందినవని నిర్ణయించెను. హిమాలయపు దిగువసీమల చలి నెఱిగిన వంశము గావుననే లండను చలికి దాళినవి కాబోలు. అవి తమంతట సముద్రము దాటిపోలేదు. చెట్టుతొఱ్ఱలో ఱెక్కరాని పిల్లలను దీసి, బుట్టలలో గుక్కి, బజారుకును నటనుండి యోడకును జేర్చినవారు మనవారే. దారిలో జచ్చినవి లెక్కకు రావు. మన దేశమున 1990-91లో నడవిపక్షుల వ్యాపారమును బూర్తిగా నిషేధించిరి. ఐరోపా దేశములవారు అడవిపక్షుల దిగుమతిని 2005లో దాత్కాలికముగాను 2007లో శాశ్వతముగాను ఆపిరి. అప్పటికే పోవలసినవి పోయెను.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన యింట రామచిలుకను బంజరమున నుంచుటయు నేడు నేరమే. ఈ మాట చెప్పుటకు నాకు గొంచెము సిగ్గగుచున్నది. మా వసారాలో నొక చిలుక యుండెడిది. నేను శ్లోకములు వల్లించుచుండగా దానికి రెండు పాదములు వచ్చినవని యింటికి వచ్చినవారికెల్ల జూపి గర్వించితిని. బాణకవి కాదంబరిలో వైశంపాయనుడను చిలుక శూద్రకమహారాజునకు గథ చెప్పును; బోయవాడు తన తండ్రిని జంపుటయు నా కథలోని భాగమే. దానిని బాఠముగా జెప్పిన నాకు, మా వసారాలోని పక్షి తొఱ్ఱనుండి యెట్లు వచ్చెనో యడుగవలెనని చిరకాలము తోచలేదు.

అచ్చట నవి బ్రతుకుటకు గారణము స్పష్టము. ఇంగ్లండువారికి శీతకాలమున దోటలో బిట్టలకు గింజలు వ్రేలాడదీయు నలవాటు మెండు. పాత యుద్యానములలో ముదిచెట్లును, వానికి వడ్రంగిపిట్టలు దొలిచిన తొఱ్ఱలును గలవు. చిలుక యితర పక్షులకంటె ముందుగా గూడుకట్టు ఋతువు నారంభించి మంచి తొఱ్ఱల నాక్రమించును. అందుచే నష్టమును లేకపోలేదు. బెల్జియములో బెరడుపై బ్రాకు నొక చిన్నపిట్టకు దొఱ్ఱలు దొరకుట తగ్గినదని 2007లో దెలిసినది. స్పెయినులో సెవిల్ నగరమున నొక యుద్యానములో నివి యరుదైన పెద్దగబ్బిలములను దొఱ్ఱలనుండి తఱిమి, కొన్నింటిని బొడిచి చంపినట్లు 2018లో బ్రకటించిరి. పండ్లతోటల యజమానులును మన జామతోటవారివలెనే మొఱపెట్టుచున్నారు.

పంటకు నష్టము గలిగించునపుడు ప్రత్యేకముగా ననుమతి యడుగకయే వీనిని జంపవచ్చునని ఇంగ్లండు ప్రభుత్వము 2010లో నిబంధన చేసెను. నగరవాసులలో గొందఱు దీనికి సంతసించిరి, కొందఱు కోపించిరి. ఒకే వీధిలో నొకరు చిలుకకు వేరుసెనగలు పెట్టుచుండగా, ప్రక్కయింటివారు దాని యరుపునకు గిటికీ మూయుచుందురు. గబ్బిలముల పక్షమున వాదించువారి మాటను నేను గాదనను. కాని చిలుకను దురాక్రమణదారని తిట్టుట మాత్రము నాకు రుచింపదు. బుట్టలోనికి దానంతట నది దూరలేదు. ఈ తగవు తీరకమునుపే యవి లండను దాటి బర్మింగ్‌హామునకును మాంచెస్టరునకును బోయి, ఉత్తరమున స్కాట్లండులోని గ్లాస్గో నగరపు తోటలదాక జేరినవి.