ఉత్తుత్తి నిశ్చితార్థం

మా మేనత్తది కోరుట్ల. ఎండాకాలం సెలవులొస్తే జగిత్యాలలో బస్సెక్కి అక్కడికి పోవడం నాకు పెద్ద పండుగ. మామిడిపండ్ల కోసం అనుకునేరు, కాదు. మధ్యాహ్నమైతే అత్త ఇంటి ముందరి అరుగు మీద వాడకట్టు ఆడవాళ్లంతా చాటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తూ కూర్చునేవారు. తునికాకు కత్తిరించాలి, ఇంత తంబాకు పోసి చుట్టాలి, దారం కట్టాలి. చేతులకు క్షణం తీరిక లేదు, చెవులకు మాత్రం బోలెడంత తీరిక. అందుకని వారపత్రిక చేతికిచ్చి నన్ను నడుమ కూర్చోబెట్టేవారు. "చదువు బిడ్డా, ఆ కోటీశ్వరుని కథ ఏడిదాంక వచ్చె?"

ఆ సీరియల్ పేరు ఇప్పుడు గుర్తులేదు. కథ మాత్రం బాగా గుర్తుంది. హీరోకు కార్లూ బంగళాలూ ఉన్నాయి, మంచం పట్టిన నాయనమ్మ ఉంది. ఆవిడ కన్నుమూసేలోగా మనవడి నిశ్చితార్థం చూడాలంటుంది. ఇతగాడికేమో పెళ్లి పేరెత్తితే మంట. ఆఫీసులో టైపిస్టు ఉంది. తండ్రి లేడు, తమ్ముళ్ల ఫీజులు కట్టాలి. "మూడు నెలలు నాకు కాబోయే భార్యగా నటించు, నీ అప్పులు నేను తీరుస్తాను" అంటాడు. నేను ఆ డైలాగు గొంతు మార్చి మరీ చదివాను. చదివి తలెత్తితే ఒక్కరి మొహంలోనూ పులకింత లేదు.

"ఎన్ని పైసలిస్తడట?" అన్నది ఒకావిడ.

గోడవారన కూర్చునే చిన్నమ్మ బీడీ కొన మడిచి, కట్టలో పెట్టి, నెమ్మదిగా అడిగింది. "మూడు నెల్లయినంక ఆ పిల్లనెవరు చేసుకుంటరు?"

నాకు కోపం వచ్చింది. కథ చదువుతుంటే మధ్యలో ఈ లెక్కలేమిటని! తరవాత తరవాత నేనూ నవలలు రాయడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ రకం కథలు రాసిన ప్రతివారూ ఆ ప్రశ్నకు జడిసినవారేనని. ఎవరెవరు ఎలా తప్పించుకున్నారో చూస్తే భలే వినోదంగా ఉంటుంది.

మన భాషలో ఉత్తుత్తి సంబంధాలకు పెద్ద దిక్కు గురజాడవారి కన్యాశుల్కం. 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. డబ్బున్న ముసలి పీనాసి లుబ్ధావధాన్లు, వాడికి కట్టబెట్టబోయిన పసిపిల్ల సుబ్బి. ఆ పిల్లను తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికే ఆడవేషం వేసి ముసలాయనకు పెళ్లి చేసేస్తాడు. నవ్వి నవ్వి మనం గమనించం గాని, గురజాడవారు అక్కడ ఎంత జాగ్రత్తపడ్డారో చూడండి. దొంగపెళ్లి కూతురు మగపిల్లవాడు! వేషం విప్పేస్తే సరి, ఏ ఆడపిల్ల పేరూ చెడలేదు. మా చిన్నమ్మ ప్రశ్న పుట్టకుండానే చేశారాయన.

ఆ తరవాత మిస్సమ్మ. 1955 జనవరి 12న విడుదలైంది. దాని మూలం బెంగాలీ నాటకం, రవీంద్రనాథ్ మైత్ర రాసిన మన్మొయీ గర్ల్స్ స్కూల్. ఇందులో కోటీశ్వరుడు లేడు, ఇద్దరూ నిరుద్యోగులే. జమీందారు బడిలో పంతులూ పంతులమ్మా భార్యాభర్తలై ఉంటేనే ఉద్యోగం. మేరీకి ఇంటి అప్పు ఉంది, అప్పిచ్చినవాడు పెళ్లాడమని వెంటపడుతున్నాడు. అందుకని మొగుడూ పెళ్లాల్లా నటిస్తూ నౌకరీ చేస్తారు. అసలు భానుమతిగారు వెయ్యవలసిన ఆ వేషం సావిత్రిగారికి రావడం మరో కథ, ఇక్కడ వద్దు. సంగతేమిటంటే, చక్రపాణిగారూ ఎల్.వి. ప్రసాద్‌గారూ ఆ జంటను ఎవరూ ఎరగని అప్పాపురంలో పెట్టారు. చివరకు మేరీ ఆ జమీందారు తప్పిపోయిన కూతురేనని తేల్చారు. జమీందారు బిడ్డయ్యాక ఇక "ఎవరు చేసుకుంటారు" అని అడిగే గుండె ఎవరికుంది? అదే ఏడాది మే నెలలో హిందూ వివాహ చట్టం వచ్చింది. ఏడడుగులు నడిచేవారికి ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టని అందులో రాశారు. తాంబూలాలు పుచ్చుకుని వదిలేసిన పిల్ల ఆ లెక్కలో పెళ్లయిన మనిషి కాదు. వాడకట్టు లెక్క వేరు.

ఇంగ్లీషువాళ్ల దగ్గర అట్లా కాదు. అక్కడ నిశ్చితార్థమంటే కోర్టుకెక్కగల ఒప్పందం. పెళ్లాడతానని మాటిచ్చి తప్పితే ఆడమనిషి దావా వేసి నష్టపరిహారం రాబట్టేది. డికెన్స్ రాసిన పిక్‌విక్ పేపర్స్ 1836–37 నాటిది. అందులో ఇంటి యజమానురాలు బార్డెల్ అమ్మగారు తన ఇంట్లో అద్దెకున్న పాపం పిక్‌విక్ మీద ఇట్లాగే దావా వేసి 750 పౌన్లకు తీర్పు తెచ్చుకుంటుంది. ఆయనేమో పైసా ఇవ్వనని జైలుకు పోతాడు! చదివినప్పుడు అందరం పిక్‌విక్ పక్షమే. కాని ఆ చట్టం ఊరికే పుట్టలేదు. మాట తప్పితే మగవాడికి పోయేదేమీ లేదు, ఆడదానికి ఇంకో సంబంధం దొరకదు, ఆ నష్టానికి ఖరీదు కట్టారు. మా చిన్నమ్మ అడిగిన ప్రశ్ననే అక్కడ జడ్జీలు గౌన్లు వేసుకుని అడిగారన్నమాట. 1970లో పార్లమెంటు ఆ దావాలను రద్దు చేసింది. 1971 జనవరి నుంచి ఇంగ్లండులో నిశ్చితార్థం వట్టి మాటే.

ఉత్తుత్తి నిశ్చితార్థం కథ నాకు తెలిసినంతలో ముచ్చటగా రాసింది జార్జెట్ హేయర్ అనే ఇంగ్లీషు నవలా రచయిత్రి. 1953లో వచ్చిన ఆ నవల పేరు కొటీలియన్. అనాథపిల్ల కిటీ ఓ పిసినారి ముసలాయన పంచన పెరుగుతుంది. తన మనవళ్ల వరసవాళ్లలో ఒకణ్ణి చేసుకుంటేనే ఆస్తి అంటాడాయన. ఆ పిల్ల ఫ్రెడీ అనే డబ్బున్న సాధువును బతిమాలి, నిశ్చితార్థమైందని చెప్పించి, ఒక నెల లండను చూసి వస్తానంటుంది. ఇక్కడ బేరం పెట్టింది ఆడపిల్ల! ఆ ఒక్క మార్పుతో కథ నడకే వేరయింది. మిల్స్ అండ్ బూన్‌వారి నవలల్లో మాత్రం మామూలుగా బేరం మగవాడిదే, చెక్కుబుక్కూ అతడిదే.

మనకు ఈ కోటీశ్వరుల వరస 1960లలో, 70లలో ముమ్మరమైంది. కోడూరి కౌసల్యాదేవిగారి ప్రేమనగర్, యద్దనపూడి సులోచనారాణిగారి సెక్రటరీ రెండింట్లోనూ నిశ్చితార్థం నాటకమేమీ లేదు గాని, ఒకవైపు సంపన్నుడు, ఇంకోవైపు జీతంమీద బతికే అభిమానవతి. ఆ అమ్మాయి మొండిగా మాట్లాడగలుగుతుంది, ఎందుకంటే చదువుంది, నౌకరీ ఉంది. ఈ కథలకు పునాది హీరోగారి బంగళా కాదు, హీరోయిన్ చదువు. మా వైపు ఆ పునాది తవ్వడం ఎప్పుడు మొదలైందంటే, నేను మా అమ్మమ్మోళ్ల ఊరు సిరిసిల్లను చూపిస్తాను. 1935లో నాలుగో ఆంధ్రమహాసభ అక్కడే జరిగింది. మాడపాటి హనుమంతరావుగారు అధ్యక్షులు. పక్కనే మహిళాసభ, దానికి అధ్యక్షురాలు మాడపాటి మాణిక్యమ్మగారు. నిజాం రాజ్యంలో తెలుగు బడి దొరకడమే గగనమైన రోజుల్లో ఆడపిల్లల చదువు కావాలని ఆడవాళ్లే వేదికెక్కి అడిగారు.

అంతా చదువుకున్నారా అంటే లేదు. సిరిసిల్లలో మగవాళ్లు సాంచెల మీద, ఆడవాళ్లు కండెలు చుడుతూ, బీడీలు చేస్తూ. జగిత్యాల, కోరుట్లలోనూ ఇంటింటా చాటే. సెక్రటరీ నవల సినిమాగా వచ్చింది 1976లో, బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చిందీ 1976లోనే. మా అరుగుమీద వాళ్లకు రెండూ కావలసినవే. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు పాట పాడమని అడగరు మా దగ్గర. "పిల్ల దినానికి ఎన్ని బీడీలు చేస్తది? పీయఫ్ ఉన్నదా?" అని అడుగుతారు. మోటుగా ఉందంటారా? హీరోగారు టైపిస్టును అడిగింది అంతకంటె నాజూకైన మాటేం కాదు.

చేతులు పొగాకు చుడుతుంటే చెవులు కథ వినడం మా అరుగుమీదే పుట్టిందనుకునేదాన్ని. కాదట. క్యూబా దేశంలో, హవానా చుట్టల కార్ఖానాల్లో 1865 నుంచే ఒకరు ఎత్తుపీట మీద కూర్చుని నవలలు చదివేవారు. పనివాళ్లే తమ కూలిలోంచి ఆయనకు జీతమిచ్చేవారు. డ్యూమా నవల కౌంట్ ఆఫ్ మాంటీక్రిస్టో వాళ్లకెంత నచ్చిందంటే ఆ పేరుతో ఒక చుట్టే వెలిసింది. నాకు మాత్రం జీతం లేదు, వేయించిన పల్లీలిచ్చేవారు.

గోడవారన చిన్నమ్మ సంగతి అత్త ఒక రాత్రి డాబామీద పడుకున్నప్పుడు చెప్పింది. 1973 తరవాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు లేచాయి. మా వైపు మగపిల్లలు బొంబాయి మీదుగా విమానాలెక్కారు. సెలవుకు వచ్చిన దుబాయ్ పిల్లగాడంటే మా ఊళ్ల కోటీశ్వరుడే. మెడలో గొలుసు, అత్తరు వాసన, టేప్ రికార్డరు. చిన్నమ్మకు అట్లాంటి సంబంధం వచ్చింది. వరపూజ అయింది, చీరె పెట్టారు, ఉంగరం తొడిగారు. నిశ్చితార్థంలో ఏ నాటకమూ లేదు. ఉత్తుత్తిది ఆ కలిమి. అతను అక్కడ తట్టలు మోసే కూలీ, ఏజెంటుకు కట్టిన అప్పే తీరలేదు. రెండేళ్లు రాలేదు. మూడో ఏట వాళ్లవాళ్లు కట్నం ఎక్కువ దొరికేచోట ఖాయం చేసుకుని, ఉంగరం వాపసు అడిగారు. అతన్ని తిట్టాలో జాలిపడాలో నాకిప్పటికీ తెలీదు. వాడలో మాత్రం "ఆ పిల్లకు ఒకపారి ఖాయమైంది గదా" అన్న మాట మిగిలింది. ఆ మాట దాటి ఎవరూ ఆమె ఇంటికి రాలేదు. ఆమె చేసే వెయ్యి బీడీలమీదే తల్లీ తానూ బతికారు.

ఆ మరునాడు సీరియల్ చదవడానికి నాకు గొంతు పెగల్లేదు. చదవమని ముందు అడిగింది ఆమెనే.

సెలవులయిపోయాయి, కథ ఇంకా తెగలేదు. ముగింపు నేను జగిత్యాలలో చదివాను. చెప్పాలా? నాయనమ్మ లేచి కూర్చుంది, హీరో మనసు కరిగింది, ఉత్తుత్తిది నిజమైంది, పెళ్లయింది. అత్త పేరిట ఇన్‌లాండ్ కవరు రాసి, అందరికీ చదివి వినిపించమన్నాను. పదిహేను రోజులకు జవాబొచ్చింది. ఎవరో పిల్లవాడి చేతిరాత. అందరూ క్షేమం, అందరికీ సంబరమైందని రాసి, అడుగున ఒక వరుస: "చిన్నమ్మ అడుగుతున్నది. పెళ్లయినంక ఆమె నౌకరి ఉన్నదా, తీసేసిన్రా?"

పత్రిక మళ్లీ తీసి మొదటినుంచి చివరిదాకా చూశాను. ఆ సంగతి అందులో ఎక్కడా లేదు.