అద్దెకిద్దామా, అమ్మేద్దామా?

సంక్రాంతికి ముందు మా అక్క డాలస్ నుంచి ఫోన్ చేసింది. "ఒరేయ్, వేసవిలో వచ్చేస్తున్నాం. ఇల్లు ఏం చెయ్యాలో నువ్వో ఎక్సెల్ షీట్ వేసి చెప్పు" అని. ఇంట్లో ఇంజనీరింగ్ చదివినవాడికి ఇలాంటి పనులు తప్పవు కదా. బావ అమ్మేద్దామంటాడు. అక్కేమో అద్దెకిచ్చి చూద్దామంటుంది.

ఇల్లు ఫ్రిస్కోలో. 2019లో 4,20,000 డాలర్లకి కొన్నారు, ఇప్పుడు 6,10,000 దాకా పలుకుతుందట. 2021లో రీఫైనాన్స్ చేసి వడ్డీ 2.875 శాతానికి దింపుకున్నారు. అసలు గొడవంతా అక్కడే. ఫ్రెడ్డీ మాక్ లెక్కలో ముప్ఫై ఏళ్ళ అప్పు మీద సగటు వడ్డీ 2021 జనవరిలో 2.65 శాతం, 2023 అక్టోబరుకి 7.79 శాతం. అంత చవగ్గా వచ్చిన అప్పుని వదులుకోవడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది చెప్పండి?

షీట్ మొదలుపెట్టాక నన్ను ఆపేసింది అద్దె కాదు, కొన్ని అంకెలు. రెండేళ్ళు, అయిదేళ్ళు, 5,00,000 డాలర్లు, 27.5 ఏళ్ళు. మన వృత్తిలో కోడ్‌లో ఇలాంటి అంకె కనిపిస్తే ఎవడు పెట్టాడు, ఎందుకు పెట్టాడు అని పాత చరిత్ర తవ్వుతాం. ఇక్కడా అదే చేశాను.

కథ 1951లో మొదలైంది. యుద్ధం అయిపోయి అమెరికాలో జనం ఉద్యోగాల కోసం ఊళ్ళు మారుతున్న రోజులు. ఇల్లు అమ్మి ఇంకో ఊళ్ళో అలాంటిదే కొనుక్కుంటే చేతిలో లాభమేమీ మిగలదు, దానికి పన్నేంటి అన్న వాదన నెగ్గింది. ఏడాదిలోపు అంతే ధరకో, అంతకంటే ఎక్కువకో ఇంకో ఇల్లు కొంటే పన్ను వాయిదా వేశారు. ఆ గడువు 1975లో ఏడాదిన్నర, 1981లో రెండేళ్ళు అయ్యింది. వయసుపైబడిన వాళ్ళకి వేరే మినహాయింపు. 1978 చట్టంలో 55 ఏళ్ళు దాటినవాళ్ళకి జీవితంలో ఒక్కసారి లక్ష డాలర్లు, 1981లో 1,25,000.

ఈ పద్ధతిలో మనవాళ్ళ పరిస్థితి ఊహించండి. 1980ల్లో హ్యూస్టన్లో ఇల్లమ్మి గుంటూరు వచ్చేసే నలభై ఏళ్ళ ఇంజనీరు, హ్యూస్టన్ ధర పెట్టి ఇంకో ఇల్లు ఎక్కడ కొంటాడు? 55 నిండలేదు కాబట్టి రెండో తలుపూ మూసే ఉంది. పోనీ అమ్మకుండా అద్దెకిచ్చి వద్దామా అంటే ఇక్కడ ఫెరా కాచుక్కూర్చుంది. 1973 నాటి ఆ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ఇండియాలో నివాసం ఉండేవాడు విదేశంలో ఇల్లు ఉంచుకోవాలన్నా, అమ్మాలన్నా రిజర్వు బ్యాంకు అనుమతి కావాలి. 90ల మొదట్లో తిరిగొచ్చేవాళ్ళకి కొంత సడలించారు. 2000 జూన్ 1న ఫెమా అమల్లోకి వచ్చాక, విదేశంలో ఉన్నప్పుడు కొన్న ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఉంచుకోవచ్చని చట్టంలోనే రాసేశారు.

అమెరికా వైపు తలుపు అంతకు మూడేళ్ళ ముందే తెరుచుకుంది. 1996 ఎన్నికల ప్రచారంలో క్లింటన్ మాటిచ్చాడు, 1997 ఆగస్టు 5న సంతకం పెట్టాడు. పాత వాయిదా పద్ధతి, 55 ఏళ్ళ నిబంధన రెండూ రద్దు. అమ్మేముందు అయిదేళ్ళలో రెండేళ్ళు సొంతదారుడిగా ఆ ఇంట్లోనే ఉంటే చాలు, 2,50,000 డాలర్ల లాభం వరకు పన్ను లేదు, దంపతులకి 5,00,000. పాత పద్ధతిలో వంటింటి మరమ్మతు రసీదులు కూడా దశాబ్దాలపాటు దాచుకోవాల్సి వచ్చేదట, ఆ బాధా పోయింది. అంటే "అద్దెకిద్దామా, అమ్మేద్దామా" అని అక్కా బావా హాయిగా పోట్లాడుకోగలగడం ఈ రెండు చట్టాల పుణ్యం. మొన్నటి తరానికి ఆ పోట్లాట అంత తేలిక కాదు.

కానీ అయిదేళ్ళలో రెండేళ్ళు అన్నారంటే, ఖాళీ చేసిన మూడేళ్ళలోపు అమ్మాలి అని కదా అర్థం! సైనికులకి, దౌత్య ఉద్యోగులకి 2003లో ఆ గడియారాన్ని పదేళ్ళ దాకా ఆపుకునే వీలిచ్చారు. హెచ్1బీ ఇంజనీరుకి ఎవరూ ఇవ్వలేదు.

ఆ గడువు దాటితే అక్కావాళ్ళ 1,90,000 లాభం మీద 15 శాతం చొప్పున దాదాపు 28,500 డాలర్లు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి సరిపోయింది. గడువులో అమ్మినా తప్పనిది తరుగుదల. 1986 చట్టం అద్దె ఇంటిని 27.5 ఏళ్ళలో అరిగిపోయే వస్తువుగా చూసింది. స్థలం తీసేసి కట్టడం 3,36,000 అనుకుంటే ఏడాదికి సుమారు 12,200. అద్దె ఆదాయంలోంచి అది తగ్గించుకుంటాం, బానే ఉంది. అమ్మినరోజున అదంతా వెనక్కి లెక్కేసి 25 శాతం దాకా పన్ను కడతారు. నేను క్లెయిమ్ చెయ్యలేదు మహాప్రభో అన్నా వదలరు, చేసుకునే హక్కుంది కదా అంటారు.

ఇంకోటి, వచ్చేశాక అమ్మితే బావ అమెరికాకి విదేశీయుడు. 1970ల చివర్లో విదేశీయులు తమ పొలాలు కొనేస్తున్నారని అక్కడి రైతులు గోలపెడితే 1980లో ఫర్ప్టా అనే చట్టం తెచ్చారు. కొనేవాడే డబ్బు పట్టుకుని సర్కారుకి కట్టాలన్న నిబంధన 1984లో వచ్చింది. మొదట 10 శాతం, 2016 నుంచి 15. కొన్నవాడు తనే కాపురం ఉంటానంటే 10 లక్షల డాలర్ల ధర లోపు 10 శాతమే. అది లాభం మీద కాదండోయ్, అమ్మిన ధర మీద! 6,10,000 మీద 61,000. అసలు పన్ను అంతకంటే తక్కువైతే రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అప్పటిదాకా మన డబ్బు మనది కాదు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది మాత్రం ఇండియా గడియారం. ఇన్నేళ్ళు బయట ఉండి వచ్చినవాళ్ళకి మామూలుగా రెండు మూడేళ్ళు పూర్తి రెసిడెంట్ హోదా రాదు, ఆ లోపు విదేశీ అద్దెకీ లాభానికీ ఇక్కడ పన్ను లేదు. ఆ తర్వాత ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కలోకే. అమెరికా 5,00,000 దాకా వదిలేసిందని ఇండియా వదలదు, 1997 చట్టంతో మనకేం సంబంధం? క్యాపిటల్ గెయిన్ 12.5 శాతం. అంటే మూడేళ్ళ గడువు నిజానికి ఇంకా ముందే అయిపోవచ్చు.

ఇవన్నీ చెప్పి, "అక్కా, అద్దెకివ్వు, కానీ రెండేళ్ళ లీజు రాయించి ఆ తర్వాత అమ్మేసెయ్. ఇప్పుడు అమ్మేసినా నేను తప్పనను. తేదీ లేకుండా 'చూద్దాం' అనడం ఒక్కటే వద్దు" అన్నాను. బావ వెనకనుంచి "నేను చెప్పలా?" అన్నాడు. అక్క కాసేపు మాట్లాడలేదు. ఆ ఇంటి వంటసామాన్ల గది తలుపు మీద పిల్లల ఎత్తు పెన్సిలుతో గీసి, పక్కన తేదీలు వేసి ఉంటాయి. ఎక్సెల్‌లో వాటికి కాలమ్ లేదు.

"ఒకవేళ పిల్లలకి ఇక్కడ కుదరక మేం వెనక్కెళ్ళి ఆ ఇంట్లోనే ఉంటే?" అంది చివరికి.

దానికీ చట్టముంది. 2008లో ఇళ్ళ మార్కెట్ కూలినప్పుడు తెచ్చిన చట్టం ప్రకారం, మధ్యలో అద్దెకిచ్చిన కాలానికి వాటా కట్టి అంత లాభానికి మినహాయింపు తీసేస్తారు. ఏడేళ్ళున్నారు, నాలుగేళ్ళు అద్దెకిచ్చారు, మళ్ళీ రెండేళ్ళున్నారు అనుకుంటే పదమూడింట నాలుగు వంతుల లాభం మీద పన్ను.

"మిగతా తొమ్మిది వంతులకీ ఉండదన్నమాట."

"ఉండదు."

"అయితే ఆ లెక్క కూడా ఇంకో షీట్‌లో వెయ్యరా. బావకి పంపకు, నాకు పంపు" అని ఫోన్ పెట్టేసింది.